మాంటెనెగ్రో వెళ్ళాలంటే: వీసా ఎవరికి కావాలి, దరఖాస్తు ఎలా, ఎక్కడ ఇరుక్కుంటారు

ఆడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న మాంటెనెగ్రో 2006లో సెర్బియా నుంచి విడిపోయి స్వతంత్ర దేశమైంది. ఆ ఏడాది మే 21న జరిగిన రెఫరెండంలో 55 శాతం దాటితేనే విడిపోవాలని షరతు పెడితే, వచ్చింది 55.5 శాతం. జనాభా 6.2 లక్షలు. 2023లో ఆ దేశానికి వచ్చిన పర్యాటకులు మాత్రం 26 లక్షలు. కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన కోటోర్ తీరం, బుద్వా బీచ్‌లు, దుర్మితోర్ జాతీయ పార్కు, తారా నది లోయ అన్నీ ఒక వారంలో చుట్టి రావచ్చు. వ్యాపారం పెట్టేవాళ్ళకు లక్ష యూరోల లాభం దాకా కంపెనీ పన్ను 9 శాతమే. అందుకే మనవాళ్ళ ట్రావెల్ గ్రూపుల్లో, ఏజెంట్ల ప్రకటనల్లో ఈ పేరు ఎక్కువగా వినిపిస్తోంది.

తీసుకెళ్ళేవాళ్ళు చెప్పని విషయం ఒకటుంది. ఆ దేశంలో నడిచేది యూరో నోటే కానీ, ఈ దేశం యూరోపియన్ యూనియన్‌లో లేదు, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంజెన్‌లోనూ లేదు. 2028 కల్లా యూనియన్‌లో చేరాలన్నది వాళ్ళ లక్ష్యం, అంతే. మనవాళ్ళు దెబ్బతింటున్న చోట్లన్నీ ఈ ఒక్క గందరగోళంలోంచే పుడుతున్నాయి.

ముందు, మీకు అసలు వీసా దరఖాస్తు అవసరమా కాదా చూసుకోండి. భారత పాస్‌పోర్టుకు మామూలుగా వీసా కావాలి. అయితే చెల్లుబాటులో ఉన్న షెంజెన్, అమెరికా, బ్రిటన్ లేదా ఐర్లాండ్ వీసా ఉన్నా, ఆ దేశాల రెసిడెన్స్ పర్మిట్ ఉన్నా, విడిగా వీసా లేకుండానే 30 రోజుల దాకా ఉండనిస్తారు. మీ వీసా అంతకంటే ముందే ముగిసిపోతే ఆ రోజుతో సరి. సెప్టెంబరు 20తో ముగిసే వీసా పట్టుకుని 12న దిగితే మీకు దొరికేది నెల కాదు, 20వ తేదీ దాకానే.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఒక్క నిమిషం ఆగి చదవండి. పాస్‌పోర్టులో హెచ్1బీ స్టాంపింగ్ గడువు అయిపోయి, చేతిలో ఐ-797 అప్రూవల్ నోటీసు మాత్రమే ఉంటే, మీరు అమెరికాలో ఉండటానికి ఇబ్బంది లేదు, ఉద్యోగానికీ లేదు. కానీ ఆ నోటీసు వీసా కాదు, దాన్ని చూపించి మాంటెనెగ్రో వెళ్ళలేరు. గ్రీన్‌కార్డు వేరే లెక్క, అది రెసిడెన్స్ పర్మిట్ కిందికి వస్తుంది. జర్మనీలో చదివే పిల్లలకూ ఇలాంటిదే ఒకటుంది. రెసిడెన్స్ కార్డు రెన్యువల్‌లో ఉండగా ఇచ్చే, ఫిక్షన్ సర్టిఫికెట్ అని పిలుచుకునే తాత్కాలిక కాగితాన్ని నమ్ముకుని బయల్దేరకండి. ఇలాంటివాళ్ళను ఆపేది బార్డర్ పోలీసులు కాదు, విమానం ఎక్కే ఊళ్ళో చెకిన్ కౌంటర్లోనే ఆపేస్తారు. ఆ కౌంటర్లో వాదించి గెలిచినవాళ్ళు అరుదు. టికెట్ డబ్బులు కూడా చాలాసార్లు వెనక్కి రావు.

ఇక అసలు చిక్కు. షెంజెన్ వీసా ఉంది కదా అని ధీమాగా వెళ్ళి మధ్యలో ఇరుక్కుపోయేది ఎంట్రీల దగ్గర, అంటే ఆ వీసాతో షెంజెన్ లోపలికి ఎన్నిసార్లు రావచ్చన్న లెక్క దగ్గర. మీ స్టిక్కర్ తీసి చూడండి. ఫ్రమ్, అన్‌టిల్ అని రెండు తేదీలు, డ్యూరేషన్ ఆఫ్ స్టే అని రోజుల సంఖ్య, వాటితో పాటు నంబర్ ఆఫ్ ఎంట్రీస్ అని ఒక గడి ఉంటుంది. అందులో 01 అని ఉందా, 02 ఉందా, మల్ట్ (ఎన్నిసార్లయినా) అని ఉందా చూడండి. అందరూ తేదీలు చూసి పాస్‌పోర్టు మూసేస్తారు. ఇంటిల్లిపాది వీసాలూ చూడండి. భర్తకు మల్ట్ వచ్చి భార్యకు 01 రావడం వింతేమీ కాదు.

ఒక మామూలు ప్లాన్ తీసుకుందాం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ చూసి, అక్కణ్ణుంచి వ్యాన్‌లో ఒక్కరోజు కోటోర్ వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చి, మళ్ళీ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్. డే ట్రిప్ కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పాత వ్లాగులు చూసి ప్లాన్ చేసుకున్నవాళ్ళకైతే మరీ. క్రొయేషియా 2023 జనవరి 1న షెంజెన్‌లో చేరింది. అప్పటి నుంచి దుబ్రోవ్నిక్ దాటి మాంటెనెగ్రో వైపు దెబెలి బ్రియెగ్ చెక్‌పోస్టులో అడుగుపెట్టడమంటే షెంజెన్ వదిలి బయటికొచ్చినట్టే. వెళ్ళేటప్పుడు మాంటెనెగ్రో పోలీసులు ఆపరు, మీ వీసా తేదీ ఇంకా ఉంది కాబట్టి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు క్రొయేషియా అధికారి 01 చూసి వెనక్కి పంపిస్తాడు. ఒక ఎంట్రీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అయిపోయింది. సామాను దుబ్రోవ్నిక్ హోటల్లో ఉంటుంది, రిటర్న్ టికెట్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఉంటుంది, మీరు మాత్రం మాంటెనెగ్రో వైపు. అక్కణ్ణుంచి పొద్గోరిత్సా లేదా తివాత్ విమానాశ్రయానికి వెళ్ళి, షెంజెన్ తగలని దారిలో కొత్త టికెట్ కొనుక్కుని ఇంటికి రావడమే మిగులుతుంది. డే ట్రిప్ అమ్మినవాడికి ఇందులో పూచీ ఏమీ ఉండదు.

దీన్ని సరిచేసుకోవలసింది మాంటెనెగ్రో కాగితాల్లో కాదు, షెంజెన్ దరఖాస్తులో. ఆ ఫారంలో ఎన్ని ఎంట్రీలు అడుగుతున్నారని ఒక ప్రశ్న ఉంటుంది. ఒకటి, రెండు, మల్టిపుల్ అని మూడు గడులు. ఏజెంటు చేత నింపించుకుంటే చాలాసార్లు మొదటి గడికే టిక్ పడుతుంది. అతనికి అది అలవాటు, మీకు అది ట్రిప్. సంతకం పెట్టే ముందు ఆ పేజీ మీరే చూడండి. మధ్యలో మాంటెనెగ్రో వెళ్ళి మళ్ళీ షెంజెన్‌కు రావాలనుకుంటే కనీసం రెండు ఎంట్రీలు అడగాలి. ఊరికే అడిగితే చాలదు. కవరింగ్ లెటర్లో ఏ తేదీన బయటికి వెళ్తారు, ఏ తేదీన తిరిగొస్తారు రాసి, కోటోర్‌లోనో బుద్వాలోనో హోటల్ బుకింగ్ జతచేయండి. ఎన్ని ఇవ్వాలన్నది కాన్సులేట్ ఇష్టం. కానీ కారణం కాగితం మీద కనపడితే ఇచ్చే అవకాశం పెరుగుతుంది. మూడేళ్ళలోపు రెండు షెంజెన్ వీసాలు పొంది సక్రమంగా వాడుకున్న భారతీయులకు రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇవ్వొచ్చని 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ నిబంధన తెచ్చింది. పాత వీసాల కాపీలు తప్పకుండా పెట్టండి.

01 ఇప్పటికే వచ్చేసిందా? కంగారు అక్కర్లేదు, వరుస మార్చుకోండి. షెంజెన్ దేశాలన్నీ ముందు చూసేసి మాంటెనెగ్రోను చివర పెట్టుకుని, తివాత్ లేదా పొద్గోరిత్సా నుంచి ఇస్తాంబుల్ మీదుగా ఇంటికి రావచ్చు. మాంటెనెగ్రో నిబంధన చెల్లుబాటులో ఉన్న వీసా అనే అంటుంది, మల్టిపుల్ ఉండాలని అడగదు. అయినా ఒక ఎంట్రీ వాడేసిన వీసాను విమానం కౌంటర్లో కొందరు ఒప్పుకోకపోవచ్చు. కాబట్టి టికెట్ కొనే ముందు విమాన సంస్థకు ఈమెయిల్ పెట్టి, రాతపూర్వకంగా వచ్చిన జవాబు ప్రింట్ తీసి పెట్టుకోండి. ఫోన్లో చెప్పినమాట కౌంటర్లో పనికిరాదు. ఇంకో చిన్న సంగతి. షెంజెన్ కోసం కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ షెంజెన్ దేశాలకే పరిమితమైతే మాంటెనెగ్రోలో చెల్లదు. పాలసీలో ప్రాంతం పేరు చూసుకోండి.

ఇక ఏ వీసా లేనివాళ్ళ సంగతి. మూడు నెలల లోపు పర్యటనకు, వ్యాపార పనికి సి వీసా. అంతకు మించితే, లేదా ఉద్యోగానికైతే డి వీసా. మాంటెనెగ్రోకు సొంత ఎంబసీ లేని చాలా చోట్ల ఆ దేశం తరఫున సెర్బియా ఎంబసీ వీసా పనులు చూస్తుంది. మన దేశంలో న్యూఢిల్లీలోని సెర్బియా ఎంబసీ ఆ పని చేస్తూ వచ్చింది. ఢిల్లీకి రైలు టికెట్ తీసుకునే ముందు మాంటెనెగ్రో విదేశాంగ శాఖ సైట్లో మన దేశం పేజీ ఒకసారి చూసి వెళ్ళండి, ఇలాంటి ఏర్పాట్లు మారుతుంటాయి. పాస్‌పోర్టు, ఫొటోలు, ఫారం, ఇన్సూరెన్స్, బ్యాంకు స్టేట్‌మెంట్, రానూపోనూ టికెట్ బుకింగ్ మామూలే. వీటి గురించి చెప్పేదేం లేదు.

చెప్పాల్సింది ఆహ్వాన పత్రం గురించి. టూరిస్టులకైతే ముందే చెల్లించిన బస బుకింగో ట్రావెల్ ఏజెన్సీ వోచరో సరిపోతుంది. ఎవరైనా పిలిచి వెళ్తున్నట్టయితే, పిలిచినవాళ్ళు మీ బసకు, వైద్యానికి, తిరుగు ప్రయాణానికి పూచీ పడుతూ అక్కడి నోటరీ దగ్గర ధ్రువీకరించిన లేఖ ఇవ్వాలి. కంపెనీ పిలిస్తే కంపెనీ లేఖ. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ మీద రంగు ముద్ర కనపడగానే నమ్మేయకండి. మాంటెనెగ్రోలో కంపెనీల కేంద్ర రిజిస్టరును ఎవరైనా ఆన్‌లైన్లో చూడొచ్చు. లేఖలో ఉన్న కంపెనీ పేరు, పీఐబీ అనే 8 అంకెల పన్ను నంబరు అక్కడ కొట్టి చూడండి. కంపెనీ ఉండి, డైరెక్టరు పేరు వేరే ఉన్నా అనుమానించాల్సిందే. ఈ వెతుకులాటకు పైసా ఖర్చు లేదు. దీనికి కూడా 'వెరిఫికేషన్ ఛార్జీ' వసూలు చేసేవాళ్ళున్నారు.

దిగాక 24 గంటల్లో బస నమోదు చేయించుకోవాలి. హోటల్లో దిగితే వాళ్ళే చేస్తారు. అపార్ట్‌మెంట్ తీసుకుంటే యజమానిని అడగండి. ఆయన నవ్వి, ఏం కాదులే అంటే, మీరే ఊళ్ళోని టూరిస్టు ఆర్గనైజేషన్ ఆఫీసుకు పాస్‌పోర్టుతో వెళ్ళి చిన్న మొత్తం టూరిస్టు పన్ను కట్టేయండి. తెల్ల కార్డు అని పిలిచే కాగితం ఇస్తారు, దేశం దాటేదాకా దాచుకోండి. బార్డర్లో ప్రతిసారీ అడగరు. అడిగినప్పుడు లేకపోతే జరిమానా. పాస్‌పోర్టు పోగొట్టుకుంటే మాత్రం కష్టమే. అక్కడ భారత ఎంబసీ లేదు, మాంటెనెగ్రో బాధ్యత చూసేది ఆస్ట్రియాలోని వియన్నా ఎంబసీ. అది షెంజెన్‌లో ఉంది, అక్కడికి వెళ్ళాలన్నా వీసా కావాలి. పాస్‌పోర్టు, వీసా స్కాన్లు ఈమెయిల్లో పెట్టుకుని బయల్దేరండి.

వ్యాపారం పేరుతో అమ్ముతున్నవాటి గురించి కూడా చెప్పుకోవాలి. అక్కడ పరిమిత బాధ్యత కంపెనీ, వాళ్ళ మాటల్లో డీఓఓ, ఒక్క యూరో మూలధనంతో పెట్టొచ్చు. ఇది నిజం. కానీ కంపెనీ పెట్టగానే నివాస అనుమతి వచ్చి ఒళ్ళో పడదు. అది వేరే దరఖాస్తు, వేరే పరిశీలన. అది వచ్చినా షెంజెన్‌లో తిరగడానికి పనికిరాదు. పెట్టుబడి పెడితే పాస్‌పోర్టు ఇచ్చే పథకం ఒకటి 2019లో మొదలై 2022 డిసెంబరు 31తో మూతపడింది. ఇప్పుడు ఎవరైనా ఆ పాస్‌పోర్టు ఇప్పిస్తామంటే, అది ఎంత తక్కువ ధరైనా ఎక్కువే.

అన్నిటికంటే ఎక్కువ మోసం ఉద్యోగాల్లో జరుగుతోంది. బుద్వా హోటళ్ళలో సీజన్ పనులు, భవన నిర్మాణం పనులు నిజంగానే ఉన్నాయి. మోసం ఎక్కడంటే, టూరిస్టు వీసా మీద పంపి, అక్కడికెళ్ళాక పర్మిట్‌గా మార్పిస్తామనడంలో. పని కోసం వెళ్ళేవాళ్ళు డి వీసాతో వెళ్ళాలి, దిగాక అక్కడి హోంశాఖ కార్యాలయంలో స్వయంగా హాజరై నివాస, పని అనుమతి తీసుకోవాలి. టూరిస్టుగా దిగి పనిలో చేరితే దొరికిపోయేది మీరు, ఏజెంటు కాదు. 'ఆర్నెల్లు అక్కడ చేసి ఇటలీ వెళ్ళిపోవచ్చు' అన్న మాట వినపడగానే లేచి వచ్చేయండి.

విదేశాలకు పనివాళ్ళను పంపే ఏజెంటుకు భారత విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్ పోర్టల్లో కనపడాలి, అక్కడ లైసెన్సు రద్దయినవాళ్ళ పేర్లూ చూడొచ్చు. వాళ్ళు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప ఎక్కువ తీసుకోకూడదు. రసీదు ఇవ్వాలి. లక్షలు అడుగుతూ రసీదు ఇవ్వనంటే ఒరిజినల్ పాస్‌పోర్టు అతని చేతికివ్వకండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోవద్దు. డబ్బు పంపిన రుజువులు, వాట్సాప్ చాట్లు తీసుకుని విదేశాలకు వెళ్ళే పనివాళ్ళ రక్షణ చూసే, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలోను, మీ పోలీస్ స్టేషన్లోను ఫిర్యాదు ఇవ్వండి. ప్రయాణం తేదీకి ముందే ఇస్తే పాస్‌పోర్టు వెనక్కి రాబట్టుకోవడం తేలిక.