బెదురు కుక్కను తోటి కుక్కలకు అలవాటు చేయడం ఎలా

ఇంకో కుక్క కనబడగానే మొరిగి, లీష్ (పట్టుకునే తాడు) తెంపుకునేంతగా గుంజే కుక్కను చాలామంది కోపిష్ఠిదనుకుంటారు. ఎక్కువసార్లు అది భయమే: ‘నా దగ్గరికి రాకు’ అని గోల. నాలుగు కుక్కల మధ్య వదిలేస్తే అదే సర్దుకుంటుందనే సలహా మాత్రం వినకండి, భయం ముదురుతుంది.

ముందు వెటర్నరీ డాక్టరుకు చూపించండి. చెవిపోటో కీళ్లనొప్పో ఉంటే ఏ కుక్కనూ దగ్గరికి రానివ్వదు. రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాలు వేయించి ఉండాలి.

మెడపట్టీకి బదులు ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడండి. హార్నెస్ పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. మెడపట్టీ అయితే గుంజినప్పుడల్లా గొంతు నొక్కుకుంటుంది, ఆ నొప్పిని ఎదుటి కుక్కతో ముడిపెట్టుకుంటుంది. 2 మీటర్ల మామూలు లీష్ చాలు. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్‌ను శనగగింజంత ముక్కలుగా కోసి, నలభై యాభై సంచిలో వేసుకోండి. కూరలో ముక్క కడిగి పెట్టకండి, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు పడవు.

సగం ఫలితం చోటును బట్టి ఉంటుంది. విశాఖలో అయితే మొదట్లోనే ఆర్కే బీచ్ రోడ్డు వద్దు. జనం, వీధికుక్కలు, పక్కకు తప్పుకోను దారుండదు. ఎంవీపీ కాలనీ లాంటి చోట సందు మలుపు తిరగ్గానే ఎదురుపడతాయి. మధురవాడ వైపు ఇంకా ఇళ్లు లేని ఖాళీ లేఅవుట్లు మేలు. కనీసం 50 మీటర్లు చూపు ఆనాలి. ఎండాకాలం పొద్దున్నే ముగించేయండి. తారు మీద అరచేతి వెనకవైపు 7 సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ కాలినట్టే.

ఇక అసలు పని. నెమ్మదస్తురాలైన ఒక కుక్కను, దాని యజమానిని దూరంగా నిలబెట్టండి. మీ కుక్క దాన్ని చూసీ మీ చేతిలో ముక్క మెత్తగా తీసుకోగలిగే దూరమే మీ మొదటి గీత. అది 40 మీటర్లు కావచ్చు, 15 కావచ్చు. పెదాలు నాక్కోవడం, ఊరికే ఆవులించడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, ఒళ్లు బిగుసుకోవడం, ముక్క ముట్టకపోవడం, వేళ్లు కొరికేలా లాక్కోవడం కనబడితే ఆ గీత దాటారన్నమాట. పది అడుగులు వెనక్కి.

కుక్క కనబడింది, ముక్క. కుక్క కనబడుతున్నంతసేపూ ముక్క తర్వాత ముక్క. కనుమరుగైందా, ఆపేయండి. వరస తప్పకూడదు. ముందే ముక్క చూపిస్తే, ముక్క కనబడగానే ఎక్కడో కుక్క ఉందని అనుమానపడుతుంది; చాలామంది చెడగొట్టేది ఇక్కడే. ఒక్కసారికి 5 నుంచి 10 నిమిషాలు చాలు. అవతలి కుక్క కనబడగానే మీ కుక్క మీ మొహం వంక ఆశగా చూస్తుంటే, అప్పుడు ఓ రెండు మీటర్లు దగ్గరికి జరగండి. మొరిగిందంటే తిట్టకండి, లీష్ బిగించకండి, వెనుతిరిగి నడవండి. బాగా బెదిరిన రోజు తర్వాత ఒకట్రెండు రోజులు ఇంట్లోనే ఆడించండి.

ఇది వారాల పని, ఒక్కోసారి నెలలు. ఆ తర్వాత రెండు కుక్కలనూ ఒకే దిక్కుగా, మధ్యలో మనుషులుండేలా పక్కపక్కన నడిపించండి. ఎదురెదురుగా వద్దు. వాసన చూసుకోనిచ్చేటప్పుడు లీష్ వదులుగా ఉంచి, 3 సెకన్లకే ఉల్లాసంగా పిలిచి తెచ్చేసుకోండి. అన్ని కుక్కలతో స్నేహం కుదరాలని లేదు. పక్కనుంచి ప్రశాంతంగా నడిచిపోగలిగితే అదే చాలు.

వీధికుక్క దగ్గరికొస్తే పరుగెత్తకండి, మీ కుక్కను ఎత్తుకోకండి. గుప్పెడు ముక్కలు వీధికుక్క ముందు నేల మీద చల్లి, మీ కుక్కను పక్కన పెట్టుకుని వేగంగా తప్పుకోండి. కరిస్తే గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి, కాటు మీకు పడినా కుక్కకు పడినా.