జేజికి ఇంగ్లీషు పగ సినిమా చూపించడం ఎలా

మా జేజికి ఇంగ్లీషు రాదు. అయినా కడపలో మా మిద్దె మీద, గోడకు దుప్పటి కట్టి, ఆమెకు 1953 నాటి బ్రిటిష్ సినిమా ‘ది లాంగ్ మెమరీ’ చూపించాను. అదీ రెండోసారికి కుదిరింది. మొదటిసారి ప్రతి మాటా తెలుగులో చెప్పబోయి ఇరవై నిమిషాల్లో ఆమెను నిద్రపుచ్చాను. మీరు ఆ పని చేయొద్దు.

ముందురోజే, బొరుగులు తింటూ, కథ మొదలు చెప్పేయండి. పడవలో గొడవ, నిప్పంటుకోవడం, గుర్తుపట్టలేనంతగా కాలిన శవం. పడవలో ఇంకో మనిషి ఉన్నాడని తెలిసినవాళ్లే కోర్టులో లేడన్నారు. వాళ్లలో ఒకామె హీరో మనసిచ్చిన మనిషి. హత్య నేరం మీద పడి హీరో పన్నెండేళ్లు జైల్లో ఉండొచ్చి, అబద్ధం చెప్పినవాళ్లను వెతుక్కుంటూ పోతాడు. ఇంత చాలు. దర్శకుడు రాబర్ట్ హేమర్ గొప్పతనం జేజికి అక్కర్లేదు.

పేర్లు వాడొద్దు, నిలవవు. హీరో జాన్ మిల్స్ మాకు ‘జైలాయప్ప’. ఎలిజబెత్ సెల్లర్స్ ‘అబద్ధాలామె’. ఆమె మొగుడు ‘పోలీసాయప్ప’.

తర్వాత బురద సంగతి. హీరో థేమ్స్ నది సముద్రంలో కలిసే వైపు, బురదలో దిగబడిన పాత సరుకు పడవలో ఉంటాడు. పెన్నలో ఇసుక తప్ప ఎరగని జేజి, “ఇందాక నీళ్లుండె గదరా, యాడికి పాయె?” అంది. ఆటుపోట్లు చెప్పడానికి పళ్లెంలో నీళ్లు పోసి అటూ ఇటూ వంచాల్సి వచ్చింది. పళ్లెం ముందే దగ్గర పెట్టుకోండి.

సినిమా నడిచేటప్పుడు నోరు మూసుకోండి. నలుపు తెలుపు మొహాలు చాలావరకు అవే చెప్తాయి. ఆపాల్సింది ఒక్కచోట: జైలాయప్ప మీద కన్నేసి ఉంచాల్సిన అధికారికి, తన ఇంట్లో మనిషే ఆనాడు అబద్ధం చెప్పిందేమో అన్న అనుమానం మొదలయ్యే చోట. అక్కడ ఆపి, “ఇప్పుడు ఆయప్ప ఏం చేయల్ల జేజీ?” అని అడగండి. మా జేజి అరగంట మాట్లాడింది. మధ్యలో మా తాత ప్రస్తావన కూడా వచ్చింది, అది ఇక్కడ రాయను. గంటన్నర సినిమా మాకు మూడు గంటలు పట్టింది.

చివర ఏమవుతుందో ఎంత అడిగినా చెప్పొద్దు.

మర్నాడు జేజి ఇదే కథ పక్కింటామెకు చెప్తుంటే విన్నాను. పడవ పోయి గడ్డివామి వచ్చింది. అబద్ధాలామె ఊరు ప్రొద్దుటూరట.