ఎత్తు, పొడవు, లోతు, మట్టం: ఏ మాట ఎక్కడ వాడాలి?

"సాగర్‌లో నీటిమట్టం 590 అడుగులు" అని వార్త రాగానే అక్కడ 590 అడుగుల లోతు నీళ్లున్నాయని అనుకునేవాళ్లు చాలామందే ఉంటారు. నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తే 124 మీటర్లు, అంటే దాదాపు 407 అడుగులు. మరి అందులో 590 అడుగుల లోతు నీళ్లు ఎలా నిలుస్తాయి?

అందుకే ముందు సున్నా ఎక్కడుందో, అంటే కొలత ఎక్కడి నుంచి మొదలైందో చూడండి. మట్టం అంటే నీటి పైభాగం ఎక్కడుందో చెప్పే మాట, ఎన్ని నీళ్లున్నాయో చెప్పేది కాదు. సాగర్ 590, శ్రీశైలం 885 అడుగులు సముద్రమట్టం నుంచి లెక్కేసినవి. భద్రాచలం దగ్గర గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చే 43 అడుగులు మాత్రం అక్కడ నది ఒడ్డున ఉన్న స్కేలు మీది కొలత, కాబట్టి ఈ రెండు రకాల కొలతల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

తర్వాత, వస్తువు నిలబడి ఉందా, పడుకుని ఉందా, లోపలికి దిగి ఉందా అని చూడండి. 9 మీటర్ల కరెంటు స్తంభం లారీలో ఉన్నప్పుడు దాని పొడవు 9 మీటర్లు. మీటరున్నర గొయ్యి తీసి పాతారనుకోండి, నేల మీద దాని ఎత్తు ఏడున్నర, లోపల లోతు ఒకటిన్నర. ఒకే స్తంభానికి మూడు మాటలు, మూడు అంకెలు! మనుషులకైతే పొడుగు అన్నా ఎత్తు అన్నా చెల్లుతుంది.

ఇక "ఎత్తు", "ఎత్తులో" వేరు. చార్మినార్ ఎత్తు అంటే దాని అడుగు నుంచి కొస దాకా. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది అంటే ఆ ఊరి నేల ఎక్కడుందో చెప్పడం.

వాగు దాటేటప్పుడైతే అంకెలక్కర్లేదు. మోకాల్లోతు, నడుంలోతు, పీకల్లోతు అంటే చాలు, దిగాలో వద్దో వెంటనే తెలిసిపోతుంది, నాకు వీటికి మించిన కొలతలు లేవనిపిస్తుంది.

చివరిగా, ఎక్కువ తికమక పెట్టేది భూగర్భ జలమట్టం. దాన్ని నేల మీద నుంచి కిందికి కొలుస్తారు, కాబట్టి 12 మీటర్ల నుంచి 8 మీటర్లకు వచ్చిందంటే నీళ్లు తగ్గినట్టు కాదు, పైకి వచ్చినట్టు. ఇలాంటి చోట "8 మీటర్ల లోతుకు చేరింది" అని రాసినా దిగిపోయాయనే అనుకుంటారు, "నాలుగు మీటర్లు పైకి వచ్చింది" అని రాయండి.