గింజ నాటి పెంచే పండ్ల చెట్లు: రాయలసీమ ఎండకు తగ్గ పద్ధతి

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అందులో పెద్ద వాటా సెప్టెంబరుదే. ముంగారు (తొలకరి) మొదట్లో రెండు పదును వానలు పడి, ఆ తర్వాత నెల రోజులు ముఖం చాటేయడం ఇక్కడ మామూలే. వేసవిలో ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. ఇలాంటి గరుసు నేలల్లో చెట్టును నిలబెట్టేది తల్లివేరు. గింజ మొలిచీ మొలవగానే ముందు వేరునే లోతుకు దింపుతుంది. దాన్ని వంకర పోకుండా, తెగకుండా నేలలోకి చేర్చగలిగితే సగం పని అయినట్టే.

అయితే గింజ వేస్తే అన్నింటికీ తల్లి గుణం రాదు. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి కాయలే కాస్తాయని ఆశ పెట్టుకోవద్దు. దానిమ్మా అంతే. సీతాఫలం, వాక్కాయ చాలావరకు తల్లి పోలికతోనే వస్తాయి. రేగుకు మాత్రం వేరు నాటు గింజది, పైకొమ్మ మంచి రకానిది కావాలి.

రేగుతో మొదలుపెట్టడం మేలు, ఎండకు దానంత ఓర్చేది లేదు. బాగా పండి రాలిన నాటు రేగుపండ్ల టెంకలు తెచ్చి, గుజ్జు పోయేదాకా కడగండి. లీటరు నీటిలో 170 గ్రాముల ఉప్పు కరిగించి, అందులో టెంకలు వేయండి. తేలినవి తాలు, పారేయండి. మునిగినవాటిని మంచినీటితో రెండుసార్లు కడగాలి, ఉప్పు మిగిలితే మొలక రాదు. టెంకను అలాగే విత్తితే మొలవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. రాయి మీద నిలబెట్టి, అతుకు మీద సుత్తితో మెల్లగా తడితే రెండుగా విచ్చుతుంది. లోపల సాధారణంగా రెండు పలుచని గోధుమరంగు పప్పులుంటాయి. పప్పుకు గాటు పడకపోతే వారం పది రోజుల్లో మొలుస్తుంది. గాటు పడిందా, కుళ్లిపోతుంది. పగలగొట్టిన పప్పును ఆ రోజే విత్తేయాలి.

మార్చి, ఏప్రిల్‌లో మట్టి నింపిన ప్లాస్టిక్ కవర్లలో విత్తితే మూడు నెలలకు కాండం పెన్సిల్ లావు అవుతుంది. అప్పుడు ఉమ్రాన్, గోలా వంటి మంచి రేగు రకాల కన్ను (కొమ్మ మీది మొగ్గ) తెచ్చి అంటు కట్టించండి. ఇంకా మంచి పద్ధతి, గింజను గుంతలోనే వేసి, మొక్క అక్కడే లావయ్యాక కన్ను కట్టడం. వేరు కదలదు. కన్ను అతికాక దాని కింద పుట్టే నాటు చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి. రెండు నెలలు పట్టించుకోకపోతే మంచి కొమ్మను నాటు కొమ్మ మింగేస్తుంది.

సీతాఫలం గింజను పండు తిన్న రోజే వేస్తే సరిగ్గా మొలవదు, దానికి కొన్ని నెలల నిద్ర ఉంటుంది. అక్టోబరులో కడిగి నీడలో ఆరబెట్టి దాచి, ఫిబ్రవరిలో తీయండి. గరుకు రాయి మీద ఒక పక్క కొద్దిగా రుద్ది, ఒక రోజు నానబెట్టి, 2 సెంటీమీటర్ల లోతున విత్తండి. మొలకకు 30 నుంచి 50 రోజులు పడుతుంది. ఇరవయ్యో రోజున తవ్వి చూసి పాడు చేసేవాళ్లే ఎక్కువ. రుద్దేటప్పుడు ఆ పొడి కంట్లో పడకూడదు, కంటికి చాలా హాని. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

నేరేడు ఇందుకు పూర్తిగా భిన్నం. గింజ ఎండితే చచ్చిందే. పండు తిన్న వారంలోపు విత్తాలి. ఒక్కో గింజ నుంచి రెండు మూడు మొలకలు వస్తాయి, బలమైనది ఉంచి మిగతావి కత్తిరించండి, పీకొద్దు. కాపుకు ఎనిమిది పదేళ్లు ఆగాలి.

చిన్న పండ్లలో మన నేలకు తగ్గది వాక్కాయ, సీమలో కలేపండు అంటారు. నల్లగా పండిన కాయలను నీళ్లలో పిసికి, గింజలను కడిగి వెంటనే విత్తాలి. మొదటి ఏడాది నిదానంగా పెరుగుతుంది. మరుసటి ముంగారులో మీటరుకొకటి చొప్పున గట్టు వెంట నాటితే, మూడు నాలుగేళ్లలో కాపూ వస్తుంది, ముళ్లకంచే అవుతుంది. బ్లూబెర్రీ గింజల జోలికి పోవద్దు. దానికి చలి, పుల్లటి నేల కావాలి. కడప, కర్నూలు నల్లరేగళ్లు అందుకు పూర్తి విరుద్ధం.

కవరు 10 సెంటీమీటర్ల వెడల్పు, 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలపండి. పచ్చి ఎరువు వేడికి వేరు మాడుతుంది, చెదలూ చేరతాయి. మొలకలు నేల మట్టాన సన్నబడి పడిపోతుంటే నీళ్లు ఎక్కువైనట్టు. పైమట్టి ఆరాకే తడపండి. ఎండలో పడి ఉన్న పైపులో మొదట వచ్చే నీళ్లు మరిగి ఉంటాయి, వాటిని పక్కకు వదిలేయండి. ఆకు అంచులు మాడి, మట్టి మీద తెల్లటి పొర కడితే బోరునీటి ఉప్పు కారణం. అప్పుడు చిలకరింపులు మాని, కవరు అడుగు రంధ్రాల నుంచి కారేలా ఒకసారి నిండుగా పోయాలి. మూడు వారాలకొకసారి కవర్లను ఎత్తి పక్కకు జరిపితే వేరు నేలలోకి దిగదు.

గుంతలు మేలో తీసి ఎండనివ్వండి, పొడవు, వెడల్పు, లోతు 60 సెంటీమీటర్ల చొప్పున. పైమట్టిలో 10 కిలోల ఎరువు, కిలో వేపపిండి కలిపి నింపండి. నేల అడుగు లోతున తడిశాకే నాటాలి, పై తడి చూసి తొందరపడితే వారంలో మొక్క వాడిపోతుంది. కవరును బ్లేడుతో నిలువునా చీల్చి, మట్టిగడ్డ చిట్లకుండా దింపండి. అడుగున చుట్ట తిరిగిన వేరుంటే ఆ చుట్టను కత్తిరించేయండి. వాలు నేలైతే మొక్కకు దిగువ వైపు అర్ధచంద్రాకారంలో కట్ట వేస్తే పారే వాన పాదులో ఆగుతుంది.

పాదులో బుడ్డల (వేరుశనగ) పొట్టు నాలుగు వేళ్ల మందాన పరచండి, మొదలుకు జానెడు దూరం వదలాలి. ఆనించి పోస్తే కాండం కుళ్లుతుంది. పొట్టులో గింజలు మిగిలి ఉంటే ఎలుకలు వాటికోసం తవ్వి వేరు కొరుకుతాయి కాబట్టి ముందు చెరిగి పోయండి. మొదటి వేసవికి మొక్కకు అడుగు దూరంలో ఐదు లీటర్ల మట్టికుండను మెడదాకా పాతి, వారానికి రెండుసార్లు నింపి మూత పెట్టండి. కుండకు రంగు, మెరుగు ఉండకూడదు, ఉంటే నీరు బయటికి ఊరదు. చుట్టూ కంప వేయడం నాటిన రోజే జరగాలి, మేకలు మరుసటి రోజుదాకా ఆగవు.