గోడా, కొలత చూపే డైమెన్షనూ ఒకే మందంలో ప్రింట్ అవుతున్నాయా?

ఆటోక్యాడ్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన ప్లాన్ ప్రింట్ తీస్తే గోడేదో హ్యాచ్ (లోపల నింపే గీతలు) ఏదో తెలియకుండా అన్ని గీతలూ ఒకేలా వస్తుంటే, ఒక్కో గీతనీ పట్టుకుని మార్చక్కర్లేదు. కమాండ్‌గా ఎల్ఏ (LA) కొట్టి లేయర్ల (గీతల్ని రకాలవారీగా విడదీసే పొరల) పట్టిక తెరవండి. లైన్‌వెయిట్ కాలమ్‌లో గోడలకి 0.50, తలుపులు కిటికీలకి 0.25, డైమెన్షన్లకి 0.18, హ్యాచ్‌కి 0.09 మి.మీ. పెట్టండి. ఏమీ పెట్టకపోతే అన్నీ 0.25లోనే వస్తాయి, అసలు గొడవ అదే. ప్లాట్ (ప్రింట్) విండోలో మోనోక్రోమ్ సీటీబీ (ప్రింట్‌లో రంగూ మందం ఎలా రావాలో చెప్పే ఫైల్) ఎంచుకోండి, లేయర్ మందాలు అలాగే నల్లగా దిగుతాయి. స్క్రీన్ మీద తేడా కనిపించకపోతే కంగారొద్దు, ఎల్‌డబ్ల్యూడిస్‌ప్లే ఆన్ చేస్తే చాలు.

వేరేవాళ్ల ఫైల్ అయితే మాత్రం జాగ్రత్త. గీతకి బైలేయర్ (లేయర్ మందమే తీసుకోమనే సెట్టింగ్) కాకుండా సొంత మందం ఇచ్చి ఉంటే లేయర్ మాట వినదు. సెట్‌బైలేయర్ కమాండ్‌తో ముందు దాన్ని దారికి తెచ్చుకోవాలి. వాళ్ల సీటీబీతోనే ప్రింట్ తీస్తూ, అందులో రంగుకో మందం పెట్టేసి ఉన్నా లేయర్ మందాలు పనిచేయవు.