ట్రైపాడ్ పాఠాలు – 5: ‘టక్’ అంటే పట్టినట్టేనా?

ఈ పాఠంలో పెద్ద లెన్సును ట్రైపాడ్ మీద తూకంగా నిలబెట్టడం నేర్చుకోవాలి. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. పోయినసారి నేను రాసిన ఒక వాక్యం వల్ల చాలామంది ఇబ్బంది పడ్డారు, ముందు దాన్ని సరిచేయాలి. “ఆర్కా రకం ప్లేటు ఏ ఆర్కా రకం క్లాంపులోనైనా పడుతుంది” అని రాశాను. ప్లేటు అంటే కెమెరా అడుగున స్క్రూతో బిగించే పలక, క్లాంపు అంటే ట్రైపాడ్ మీద ఆ పలకను రెండు దవడలతో పట్టుకునే భాగం, ఆర్కా అనేది ప్లేటు అంచు ఆకారం పేరు. పడుతుంది. కానీ పడటం వేరు, పట్టు దొరకడం వేరు. ఆ రెండో సగం నేను చెప్పలేదు.

పోయిన ఆదివారం పొద్దున ఐదున్నరకి చెన్నై బెసెంట్ నగర్ బీచ్‌లో ఇద్దరు పాఠకులను కలిశాను. సూర్యోదయానికి ఇంకా టైముంది. ఒకమ్మాయి లివర్ క్లాంపులో, అంటే మీట మడిచి మూసే రకంలో, కెమెరా పెట్టింది, టక్‌మని మూసింది. నిలువు ఫ్రేము కోసం బాల్‌హెడ్‌ను, అంటే కెమెరాను ఎటైనా వాల్చుకునే ట్రైపాడ్ తలను, పక్కకి వాల్చింది. కెమెరా క్లాంపులోంచి నిశ్శబ్దంగా బొటనవేలి వెడల్పంత కిందికి జారింది. పట్టీ మెడలోనే ఉంది, నా చెయ్యీ దగ్గర్లో ఉంది కాబట్టి సరిపోయింది. “అక్కా, టక్‌మందిగా!” అంది. ఈ వారం నాకొచ్చిన ఉత్తరాల్లో సగం ఈ మాటే.

లివర్ చేసే శబ్దం లివర్ తన దారిలో చివరిదాకా వెళ్లిందని మాత్రమే చెబుతుంది. దవడలు ప్లేటును అందుకున్నాయో లేదో ఆ శబ్దానికి తెలియదు. ప్లేటు లేకుండా ఖాళీ క్లాంపును మూసి చూడండి, అప్పుడూ టక్‌మనే అంటుంది. ప్లేటు పెట్టి మూసినా, ప్లేటు కాస్త సన్నగా ఉంటే దవడ దాని దాకా రాకముందే లివర్ ప్రయాణం అయిపోతుంది. ప్లేటు కాస్త వెడల్పుగా ఉంటే ఇంకో చిక్కు. లివర్ పూర్తిగా మడవదు. బలంగా నొక్కితే మూసుకున్నట్టే కనిపిస్తుంది కానీ, తాళం పడే చోటు దాటి ఉండదు. చిన్న కుదుపుకే తెరుచుకోవచ్చు. మొదటిదానిలో కెమెరా జారుతుంది, రెండోదానిలో ఊడి పడుతుంది. రెండిటికీ మీరు విన్న శబ్దం మాత్రం దాదాపు ఒకటే.

ఎందుకిలా? కెమెరా అడుగున ఉండే స్క్రూ రంధ్రానికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 1222. పావు అంగుళం వ్యాసం, అంగుళానికి 20 మరలు. అందుకే ఏ దేశంలో చేసిన కెమెరా అయినా దాదాపు ఏ ట్రైపాడ్ స్క్రూకైనా ఎక్కుతుంది. ప్లేటు అంచుకి అలాంటిదేమీ లేదు. స్విట్జర్లాండులో పుట్టిన ఆర్కా-స్విస్ కంపెనీ ఒక ఆకారాన్ని వాడింది, మిగతావాళ్లు అదే ఆకారంలో చేసుకుంటూ పోయారు. వెడల్పు సుమారు 38 మిల్లీమీటర్లు, అంచు వాలు 45 డిగ్రీలు. ఆ ‘సుమారు’ అన్న మాటలోనే ఉంది గొడవంతా. ఒకరు కాస్త ఎక్కువ చేస్తారు, ఒకరు కాస్త తక్కువ. ఒకరు అంచును కత్తిలా వదిలేస్తారు, ఇంకొకరు గుండ్రంగా గీకుతారు. ‘ఆర్కా’ అనేది ఆకారం పేరు, కొలత పేరు కాదు.

ఆ వాలు ఎందుకో కూడా చూడండి. దవడ పక్కనుంచి నొక్కితే, వాలు వల్ల ప్లేటు కిందికి లాగబడి క్లాంపు నేలకి అదుముకుంటుంది. పట్టంతా ఈ అదుములోనే ఉంది. ప్లేటు అడుగుకీ క్లాంపు నేలకీ మధ్య సందు మిగిలితే, దవడలు ఎంత బిగించినా అది సగం పట్టే.

బీచ్‌లో ఆ అమ్మాయి కెమెరా జారుతుంటే ఏదీ ఎందుకు ఆపలేదో చెబుతాను. ప్లేటు అడుగున రెండు చివర్లలో బుల్లి స్క్రూలు ఉంటాయి, ప్లేటు జారిపోకుండా ఆపేవి. వాటికోసం క్లాంపు నేలలో గాడి ఉండాలి. ఆమె క్లాంపులో గాడి లేదు. స్క్రూలు నేలకి తగిలి ప్లేటు సరిగ్గా కూర్చోవడం లేదని ఆ రెండిటినీ తీసి ఇంట్లో డబ్బాలో పెట్టేసింది. కూర్చోవడం కుదిరింది, ఆపే కాపలా పోయింది. దయచేసి ఆ స్క్రూలు తీయకండి. గాడి లేకపోతే మార్చాల్సింది క్లాంపును.

పరీక్ష సులువు. పర్సులో పాత ఎంటీసీ బస్సు టికెట్ ఉంటే చాలు. దాన్ని పొడవుగా రెండు ముక్కలు చేయండి. ప్లేటు వాలుకీ దవడకీ మధ్య ఒక్కో వైపు ఒక్కో ముక్క ఉంచి క్లాంపు మూయండి. ఇప్పుడు లాగండి. రెండూ చిరిగిపోతేనే పట్టు ఉన్నట్టు. ఒకటి సాఫీగా బయటికొచ్చిందంటే ఆ వైపు దవడ ప్లేటును తాకలేదు. ప్లేటు నాలుగు మూలల్లోనూ చేయండి, ఎందుకంటే దవడ ఒక చివర పట్టి ఇంకో చివర వదిలేసిన క్లాంపులు నేను రెండు చూశాను. టికెట్ లేదా? బిల్లు కాగితం పనిచేస్తుంది, విజిటింగ్ కార్డు పనిచేయదు. అది మందం, వదులును కప్పేస్తుంది.

ఇక ఏది కొనాలి అన్న ప్రశ్న. నేను నాబ్ క్లాంపు మనిషిని. తిప్పి బిగించే నాబ్‌కి ప్లేటు వెడల్పుతో పేచీ లేదు, దవడ ప్లేటును తాకేదాకా వస్తూనే ఉంటుంది. బిగుతు వేళ్లకి తెలుస్తుంది. మూడు కంపెనీల ప్లేట్లు కలిపి వాడేవాళ్లకి నాబే సరైనది. ఆలస్యమవుతుంది, నిజమే, ఒకటి రెండు చుట్లు తిప్పాలి. నేను నాబ్‌ను ఎప్పుడూ నా వైపుకి ఉండేలా హెడ్ మీద అమర్చుకుంటాను. చీకట్లో చెయ్యి దానంతటదే అక్కడికి వెళుతుంది.

లివర్ చెడ్డదని నేను అనడం లేదు. పళ్లికరణై చిత్తడినేలలో కొంగ రెక్క విప్పే లోపు కెమెరా ఎక్కించాలంటే లివరే కావాలి. ఒకే కంపెనీ ప్లేటు, అదే కంపెనీ క్లాంపు అయితే హాయిగా వాడండి. లివర్ పక్కన చిన్న చక్రం ఉండి, దవడ దూరం సవరించుకునే రకాలూ ఉన్నాయి. అవి తీసుకుంటే ఇతర ప్లేట్లకీ కుదురుతాయి, కానీ ప్లేటు మార్చిన ప్రతిసారీ చక్రం సవరించాలి, కాగితం పరీక్షా మళ్లీ చేయాలి.

మాన్‌ఫ్రోటో కంపెనీ ఆర్‌సీ2 క్లాంపు గురించి కొందరు అడిగారు. అది వేరే కుటుంబం. ప్లేటును పైనుంచి నొక్కగానే లివర్ తనంతట తనే మూసుకుంటుంది. ఆ వేగం బాగుంటుంది. అయితే అందులో ప్లేటును ముందుకీ వెనక్కీ జరిపి తూకం చూసుకోవడం కుదరదు. పెద్ద లెన్సు కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే ఆర్కా వైపు రండి. ఆర్కా ప్లేటును ఆర్‌సీ2 క్లాంపులో ఇరికించే ప్రయత్నం మాత్రం వద్దు.

చెన్నైలో ఉన్నవాళ్లకి ఇంకొక్క మాట. మెరీనా, కాశిమేడు, పులికాట్ ఎక్కడికి వెళ్లొచ్చినా ఆ రాత్రే క్లాంపును తడిబట్టతో తుడవండి. ఉప్పు లోపలి స్టీలు స్ప్రింగునీ స్క్రూనీ తింటుంది. మంచినీళ్లతో తుడిచి, ఆరబెట్టి, తెరిచి ఉంచండి. దవడలకి నూనె పూయకండి. నూనెకి ఇసుక అంటుకుంటుంది, వాలు మీద ఒక్క ఇసుక రేణువు నిలిచినా ప్లేటు ఒరిగి కూర్చుంటుంది. అక్కడ పాత టూత్‌బ్రష్ చాలు.

ఇంట్లో చేయాల్సిన పని. మంచం మీద మెత్తటి దుప్పటి మడిచి పరిచి, దాని పైన ట్రైపాడ్‌ను తక్కువ ఎత్తులో నిలబెట్టండి. కెమెరా పట్టీ మెడలోనే ఉండాలి. లైట్లు ఆర్పి, కెమెరాను యాభైసార్లు ఎక్కించి దించండి. ప్రతిసారీ వరస ఇది: ప్లేటు క్లాంపు నేలకి తాకిందో లేదో వేలితో తడమాలి, మూయాలి, కెమెరాను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి గట్టిగా లాగి చూడాలి, ఆ తర్వాతే చెయ్యి వదలాలి. ఇరవైకి మించి విసుగొస్తుంది, మధ్యలో ఆపకండి. ముప్పయ్యో సారి నుంచి చెయ్యి లాగడం మర్చిపోతుంది, నేను చూడమంటున్నది దాన్నే. ఎన్నోసారి మర్చిపోయారో కాగితం మీద రాసుకోండి.

నాకు రాసేటప్పుడు ప్లేటు వెడల్పు, లివరా నాబా, నేలలో గాడి ఉందా లేదా, టికెట్ ఏ మూలలో చిరగలేదో రాయండి. వెడల్పును అడుగున, అంచుకి అంచు, వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. స్కేలుతో కొలిచి 38 అని పంపితే నేను దాన్ని లెక్కలోకి తీసుకోను.