కోరాపుట్ చలిలో హీట్ పంప్: తిన్న కరెంట్‌కి ఎంత వేడి ఇస్తుందో కొలిచి చూస్కోండి

మా సునాబెడలో కార్తీకం దాటిందంటే పొద్దున్నే మేడ మీద ట్యాంక్ నీళ్ళల్లో చెయ్యి పెట్టలేం. ఇంట్లో ఆరుగురం, గీజర్ బిల్లు భరించలేక 200 లీటర్ల హీట్ పంప్ పెట్టించాం. ఇది గీజర్‌లా కాయిల్ ఎర్రబెట్టి నీళ్ళు కాచదండీ, ఫ్రిజ్ లోపలి వేడిని వెనక్కి తోసినట్టే ఇది బయట గాలిలో వేడిని లాగి నీళ్ళకి ఎక్కిస్తుంది, అందుకే ఒక యూనిట్ కరెంట్‌కి రెండు మూడు యూనిట్ల వేడి వస్తుంది. కానీ మొదటి చలికాలం మాకు బిల్లు పెద్దగా తగ్గలేదు. బిగించినాయన లోపలి బ్యాకప్ హీటర్, అంటే గీజర్‌లో ఉండేలాంటి కరెంట్ కాయిల్, ఆన్‌లో ఉంచేసి వెళ్ళిపోయాడు, అంటే మేం డబ్బులు పోసి కొన్నది మళ్ళీ గీజర్‌లాగే పనిచేసింది, అది తెలుసుకోడానికి మూడు నెలలు పట్టింది.

అందుకని ముందు హీట్ పంప్ లైన్‌కి విడిగా ఒక సబ్ మీటర్ పెట్టించండి. నెల బిల్లు చూస్తే ఏమీ తెలీదు, అందులో ఫ్రిజ్జు మోటారు అన్నీ కలిసిపోయి ఉంటాయి. లెక్క చాలా సులువు. రాత్రి అందరి స్నానాలూ అయ్యి ట్యాంక్‌లో వేడినీళ్ళు పూర్తిగా అయిపోయాక కుళాయి నీళ్ళు థర్మామీటర్‌తో చూసి రాసుకోండి, మర్నాడు కాగడం పూర్తయ్యేదాకా ఎవరూ నీళ్ళు వాడకుండా చూసి మళ్ళీ రాసుకోండి. లీటర్లని పెరిగిన డిగ్రీలతో గుణించి 860తో భాగిస్తే నీళ్ళలోకి ఎక్కిన వేడి యూనిట్లలో వస్తుంది. 200 లీటర్లు 20 నుంచి 50 డిగ్రీలకి వెళ్తే 6000 బై 860, అంటే 7 యూనిట్లు. సబ్ మీటర్ 2.3 యూనిట్లు తిరిగిందంటే మూడు రెట్లు వచ్చినట్టు, దీన్నే సీఓపీ అంటారు. ఒకటి దగ్గరే ఆగిపోయిందంటే మాత్రం వెంటనే బ్యాకప్ హీటర్ సంగతి చూడండి.

ఇంకోటి, సాలూరులో మా పెద్దమ్మగారింట్లో ఇదే మోడల్ ఉంది, వాళ్ళకి సీఓపీ ఎప్పుడూ మాకన్నా ఎక్కువ వస్తుంది. ఘాట్ దిగితే గాలే వెచ్చన కదా మరి. కింద వాళ్ళ లెక్కతో పోల్చుకుని బాధపడొద్దు, మీ డిసెంబర్‌ని మీ పోయిన డిసెంబర్‌తోనే పోల్చుకోండి.

మాకు బాగా కలిసొచ్చింది టైమర్. ఇంతకుముందు తెల్లారి నాలుగింటికి ఆన్ అయ్యేది, ఆ టైంలో గాలి మరీ చల్లగా ఉంటుంది, గాలిలో వేడి లాగే కాయిల్ మీద మంచు పేరుకుని అది కరిగించుకోడానికే మిషన్ మధ్యమధ్యలో ఆగేది. ఇప్పుడు మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా పెట్టాం, ఎండకి గాలి వెచ్చగా ఉన్నప్పుడే పని అయిపోతుంది. పొద్దుటికి చల్లారిపోతాయేమో అని అమ్మ భయపడింది గానీ ట్యాంక్ చుట్టూ ఇన్సులేషన్ బాగుంటే రాత్రికి మూడు నాలుగు డిగ్రీలకంటే పోదు. ట్యాంక్ నుంచి బాత్‌రూమ్‌కి వచ్చే పైపుకి కూడా ఫోమ్ తొడగండి.

సెట్టింగ్ 60 అక్కర్లేదు, 50 చాలు, ఎంత ఎక్కువ పెడితే కంప్రెసర్‌కి అంత కష్టం. కాకపోతే వారానికి ఒకసారి 60 దాకా కాచండి, గోరువెచ్చని నీళ్ళు నిలవుంటే లీజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరగొచ్చు, ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇది అస్సలు మానొద్దు.

వానాకాలంలో తడుస్తుందని మిషన్‌కి బరకం కట్టేవాళ్ళని మా వీధిలోనే ఇద్దర్ని చూశాను. దయచేసి కట్టకండి, వదిలిన చల్లగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. ముందూ వెనకా ఖాళీ ఉండాలి. స్విచ్ కట్టేసి నెలకోసారి ఆ గాలి లాగే కాయిల్ మీదుండే సన్నటి రేకుల మధ్య దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపండి, రేకులు ఒంగిపోకుండా నిలువుగా. కింద నీళ్ళు కారుతుంటే కంగారు పడకండి, అది గాలిలో తేమ. ట్యాంక్ తుప్పు పట్టకుండా లోపల ఆనోడ్ రాడ్ ఉంటుంది, ఏడాదికోసారి తీయించి చూడండి.

ఇవన్నీ చేసినా, మంచి ఎండ రోజు మధ్యాహ్నం కూడా రెండు రెట్లు రాకపోతే, ఫ్యాన్ దగ్గర గాలి చేతికి చల్లగా తగలకపోతే, లోపల వేడిని మోసే గ్యాస్ (ఫ్రిజ్‌లో ఉండేలాంటిదే) తగ్గి ఉండొచ్చు. మెకానిక్‌ని పిలిచినప్పుడు ఈ అంకెలు రాసుకున్న కాయితం చేతిలో పెట్టండి, గ్యాస్ ఊరికే నింపేసి వెళ్ళిపోకుండా లీక్ ఎక్కడుందో వెతికించి, అది మూయించాకే నింపించండి.